ఒకే కొండ, అరువదేండ్ల చూపు

“మీట నొక్కుటలో కళ యేమున్నది?” అను ప్రశ్న ఛాయాచిత్రము పుట్టిననాటి నుండి వినవచ్చుచునే యున్నది. చిత్రకారుడు కుంచె పట్టి నెలల తరబడి శ్రమించును. కెమెరా పట్టినవాడు రెప్పపాటులో పని ముగించును. అందునను ప్రకృతి దృశ్యములు తీయువానిపై ఈ ఆక్షేపణ మరింత బలముగా వచ్చును. కొండ దైవము చేసినది, వెలుగు సూర్యుడిచ్చినది, పటము యంత్రము గీచినది. ఇక మనిషి చేసినదేమి? ప్రతివాని చేతి ఫోనులోను కెమెరా యున్న ఈ రోజులలో ఈ ప్రశ్న ఇంకను పదునెక్కినది. దీనికి సమాధానమును సిద్ధాంతములలో కంటె ఒక మనిషి జీవితములో వెదకుట మేలని నా అభిప్రాయము. అమెరికా దేశపు ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) జీవితము అందుకు తగినది.

శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆడమ్స్ తన పదునాలుగవ యేట, 1916లో, తలిదండ్రులతో యోసెమిటీ లోయకు పోయినాడు. అక్కడ తండ్రి అతనికి కొడాక్ వారి బ్రౌనీ పెట్టె కెమెరా నొకదానిని ఇచ్చినాడు. హాఫ్ డోమ్ అను మహాశిలను తీయబోయి, తానెక్కిన చెట్టుమోడు విరిగి, తలక్రిందుగా పడుచు మీట నొక్కినాడట! కొండయు తలక్రిందుగనే వచ్చినది. మీట నొక్కుట అనగా ఇంతమాత్రమే. పడిపోవుచున్న పిల్లవాడును నొక్కగలడు.

అటు తరువాత ఏటేట ఆ లోయకు పోవుట ఆయనకు వ్రతమైనది. పదునొకండేండ్లు గడచినవి. 1927 ఏప్రిల్ 10వ తేదీన బరువైన కెమెరాను, పండ్రెండు గాజుపలకలను మోసికొని, మంచులో కొండ నెక్కి అదే శిల యెదుట నిలచినాడు. అప్పటికి మిగిలినవి రెండే పలకలు. పసుపు ఫిల్టరుతో ఒకటి తీసినాడు. తీసిన మరుక్షణమే, ఆ శిల తన మనసున కలిగించిన గాంభీర్యము ఆ పటమున రాబోదని తోచినది. కడపటి పలకకు ముదురు ఎరుపు ఫిల్టరు తగిలించినాడు. ఆకాశము నల్లబడి, శిల ఉగ్రముగా పైకి లేచి నిలచినది. పటము పుట్టకముందే దానిని మనసులో సంపూర్ణముగా చూచుట ఆనాడు ఆయనకు పట్టుబడినది. అది అదృష్టవశమున దొరికిన వరమని నేననుకొనను. పదునొకండేండ్లు ఒకే కొండను చూచిన కన్నునకే ఆ చివరి పలక విలువ తెలియును.

ఆడమ్స్ మొదట సంగీతజ్ఞుడు కాదలచినవాడు, పియానో సాధకుడు. 1930లో పాల్ స్ట్రాండ్ అను ఛాయాగ్రాహకుని నెగెటివులను చూచిన పిమ్మట గాని తన మార్గమేదో నిశ్చయించుకొనలేదు. సంగీతమును విడిచినను సంగీతము ఆయనను విడువలేదు. నెగెటివు స్వరలిపి వంటిదనియు, ప్రింటు దానిని వాయించుట వంటిదనియు ఆయన పలుమార్లు పోల్చి చెప్పినాడు. ఈ మాట మనకు సులభముగా బోధపడును. ఇరువదేండ్ల ప్రాయమున త్యాగరాజ కృతిని పాడిన గాయకుడే డెబ్బదియవ యేట దానిని పాడినపుడు సాహిత్యము అదే, రాగము అదే. వినువారి అనుభవము మాత్రము వేరు.

ఇందుకు ‘మూన్‌రైజ్’ అను పటము చక్కని నిదర్శనము. 1941లో ఒక సాయంకాలము న్యూ మెక్సికోలో కారులో పోవుచు హెర్నాండెజ్ అను పల్లె యొద్ద ఆయన చటుక్కున ఆగినాడు. పైన చంద్రుడు, క్రింద శ్మశానములోని శిలువలపై క్రుంకుచున్న సూర్యుని కడపటి వెలుగు. వెలుతురు కొలుచు మీటరు ఎంత వెదకినను దొరకలేదు. చంద్రబింబపు కాంతి చదరపు అడుగునకు 250 క్యాండిళ్లని జ్ఞాపకముండుటచే, దానిని బట్టి లెక్కకట్టి ఒక్క పటము తీసినాడు. రెండవదానికై సిద్ధపడులోగా శిలువలపై వెలుగు ఆరిపోయినది. ఆ తొందరలో తేదీ వ్రాసికొననే లేదు! చంద్రుని స్థానమును గణించి అది 1941 నవంబరు 1 అని తరువాతివారు తేల్చవలసివచ్చినది.

అయితే పని అంతటితో ముగియలేదు. 1948లో ఆ నెగెటివు క్రిందిభాగమును రసాయనములతో బలపరచినాడు. జీవితకాలములో వేయికి పైగా ప్రతులు ముద్రించినాడు. తొలి ప్రతులలో ఆకాశము లేతగా, మబ్బుచారలతో నుండును; తరువాతి ప్రతులలో అది కాటుక వలె నల్లనైనది. నెగెటివు ఒక్కటే. మారినది దానిని చీకటిగదిలో చేతబట్టిన మనిషి. “మనిషి చేసినదేమి?” అన్నవారికి ఈ రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూపిన చాలును.

ఇది సత్యమునకు ద్రోహము కాదా అని అడుగవచ్చును. ఆకాశమును నల్లబరచుటను నేను తప్పుపట్టను. రంగులను విడిచి నలుపు తెలుపులకు దిగినపుడే పటము కంటి చూపునకు దూరమైనది. కాని ఆయన చేసిన మరియొక పనిని సమర్థింపలేను. 1944 నాటి ‘వింటర్ సన్‌రైజ్’ పటమున, లోన్ పైన్ పట్టణపు బడిపిల్లలు కొండవాలున తెల్లగా తీర్చిన రెండు పెద్ద అక్షరములను ఆయన చెరిపివేసినాడు. దానిని దాచలేదు, విమర్శకును వెరువలేదు. అయినను ఆ పిల్లలును ఆ కొండకు చెందినవారే గదా! వెలుగును తన భావమునకు అనుగుణముగా మలచుకొను అధికారము కళాకారునకు కలదు. ఉన్న మనుషుల జాడ చెరపు అధికారము కలదా యని నా సందేహము.

ఈ లోపముచే ఆయన సాధన చిన్నది కాదు. కొండలపై ప్రేమ ఆయనను చీకటిగదిలో కూర్చుండనీయలేదు. కింగ్స్ కాన్యన్ ప్రాంతమును కాపాడవలెనని తన పటములు పట్టుకొని వాషింగ్టన్‌కు పోయి వాదించినాడు; 1940లో అది జాతీయోద్యానమైనది.

నేడు కెమెరా చేతబట్టిన యువకులు వినోదమునకై దేశదేశములు తిరిగి క్రొత్త దృశ్యములను ప్రోగుచేయుచున్నారు. తప్పులేదు. కాని తమ ఊరి చెరువుగట్టునకో, కొండకో పదియేండ్లు మరల మరల పోయి చూచువారు ఎందరు? తొలినాటి పటము తలక్రిందుగా వచ్చినను విచారింప నక్కరలేదు. మరుసటి యేడు మరల అక్కడికే పోవలెను.