ఉచితమైనదెల్ల ఉచితమా?

తెలుగున ‘ఉచితము’ అను మాటకు రెండర్థములు కలవు. వెల లేనిది ఉచితము, తగినది ఉచితము. మొదటి యర్థమున ఉచితమైన వస్తువు రెండవ యర్థమునను ఉచితమగునా యని విచారించుట వివేకుల లక్షణము. అంగడిలో పది రూపాయల కలమును కొనునపుడు గీచి చూచువారే, వెల లేని సాఫ్ట్‌వేరును ఏ పరీక్షయు లేక ఇంటి కంప్యూటరులోనికి రానిత్తురు. పాటలు వినిపించు ప్లేయరుల విషయమున ఈ ఏమరుపాటు మిక్కిలి కానవచ్చును.

పాటలే కదా యని దీనిని తేలికగా చూడరాదు. పాత క్యాసెట్టులలోని పాటలు, హరికథలు, ఇంటి పెద్దల కంఠస్వరములు నేడు అనేక గృహములలో కంప్యూటరులోనికి చేరినవి. క్యాసెట్టులోని టేపు నానాటికి చెడునది గాన, కొన్నిటికి కంప్యూటరులోని ప్రతియే మిగిలిన ప్రతి. అట్టి నిధిని ఏ ప్లేయరు చేతికి అప్పగింపవలెనను ప్రశ్న చిన్నది కాదు.

మొదట విచారింపవలసినది వెల లేకుండుటకు గల కారణము. కొన్ని ప్లేయరులు ప్రకటనలు చూపి తమవారికి ధనము తెచ్చును. కొన్ని వినువాని అభిరుచులను సేకరించును. కొన్ని తమతో అడుగని ప్రోగ్రాములను వెంటబెట్టుకొని వచ్చును. 2005వ సంవత్సరమున సోనీ బి.ఎం.జి. కంపెనీ అమ్మిన కొన్ని సంగీతపు సి.డి.ల వృత్తాంతము ఇందుకు నిదర్శనము. ఆ సి.డి.ని విండోస్ కంప్యూటరులో పెట్టినవానికి దానితోడనే యొక ప్లేయరు లభించెడిది. దాని చాటున, నకళ్లను అరికట్టు నెపమున, కంటికి కానరాని ప్రోగ్రామొకటి కంప్యూటరులో చేరి దాగియుండెడిది. దాని మఱుగున వైరసులు సైతము దాగుటకు వీలు కలిగెను. విమర్శ చెలరేగగా కంపెనీ ఆ సి.డి.లను వెనుకకు తీసికొనవలసి వచ్చెను.

దీనికి భిన్నమైన మార్గమును అమెరికా దేశీయుడగు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో చూపెను. సాఫ్ట్‌వేరును నడుపుటకు, దాని లోపలి రచనను చదివి మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు ఉపయోగించువానికి హక్కుండవలెనని ఆయన వాదము. ఇంగ్లీషున వెల లేమికిని స్వేచ్ఛకును ఒకే మాట యుండుటచే చిక్కు కలుగును. తెలుగున ఆ చిక్కు లేదు. ఫ్రాన్సు దేశమున ఎకోల్ సెంత్రాల్ పారీ విద్యార్థులు 1996లో ఆరంభించిన పనినుండి పుట్టిన వి.ఎల్.సి. ప్లేయరు, 2001లో ఇట్టి స్వేచ్ఛతో లోకమునకు వెలువడెను. అందు ప్రకటనల బెడద లేదు. 2002లో వెలువడిన ఫూబార్2000 యన్ననో, వెల లేనిదే గాని దాని లోపలి రచన బహిరంగము కాదు. ఐనను సంగీతప్రియులనేకులు దానిని మెచ్చుదురు. కావున పేరునుబట్టి గాక గుణమునుబట్టి తీర్పు చెప్పవలెను.

రెండవది, ఆ ప్లేయరు ఏయే రూపముల ఫైళ్లను చదువునను సంగతి. సి.డి.లోని నాలుగు నిమిషముల పాట సుమారు 42 మెగాబైట్లు. సెకనుకు 128 కిలోబిట్ల ఎం.పి.3గా మార్చినచో అది 4 మెగాబైట్లకు లోబడును. చెవి అంతగా గుర్తింపని ధ్వనులను విడిచిపెట్టుటయే ఇందలి కిటుకు. విడిచినది మఱల రాదు. ఎంత గొప్ప ప్లేయరైనను దానిని తిరిగి తేజాలదు. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి ధ్వనిలో ఏమియు విడువకయే ఫైలును చిన్నది చేయును. అపురూపమైన వానిని ఫ్లాక్‌లో దాచుట మేలు. దానిని చదువజాలని ప్లేయరు ఇంటికి తగదు.

మూడవది, తెలుగువారి యవసరము. పాట పేరును, గాయకుని పేరును తెలుగు లిపిలో వ్రాసినచో కొన్ని ప్లేయరులు ప్రశ్నార్థకములను, ఖాళీ గళ్లను చూపును. అట్టిది ఎంత సొగసైనదైనను తెలుగింటికి కొఱగాదు. కచ్చేరీ సి.డి.లో రాగము, తానము, పల్లవి వేర్వేరు భాగములుగా నుండవచ్చును. ఒక భాగమునుండి మఱియొక భాగమునకు పోవునపుడు క్షణకాలము నిశ్శబ్దము దొర్లినచో రసభంగమగును. ఈ రెండింటిని పరీక్షించుటకు పది నిమిషములు చాలును.

ఇంటర్నెట్టులో చందా చెల్లించినచో పాటలన్నియు దొరకునప్పుడు ఈ శ్రమ యేల యని కొందరందురు. చందా ముగిసిననాడు ఆ పాటలు తలుపు మూసికొనును. అవ్వ పాడిన జోలపాట ఏ చందాకును దొరకదు.

సొగసును చూచి మోసపోవుట మఱియొక దోషము. 1997లో వెలువడిన వినాంప్ ప్లేయరు, తన రూపమును ఇచ్చవచ్చినట్లు మార్చుకొనుటకు వీలిచ్చి ప్రసిద్ధి గాంచెను. 2013లో దాని యజమానియగు ఏ.ఓ.ఎల్. సంస్థ దానిని నిలిపివేయుదుమని ప్రకటించెను. మఱుసటి యేట అది వేఱొకరి చేతికి పోయి బ్రతికినది. ఆ ప్రకటన వినినవారిలో ఎం.పి.3 పాటలు గలవారికి భయము లేకుండెను; ఆ ఫైళ్లను తెఱచు ప్లేయరులు ఇంకను పెక్కు గలవు. తన సొంత రూపమున పాటలను బంధించు ప్లేయరు మూతపడినచో, తాళపుచెవి పోయిన భోషాణమే మిగులును.

కావున వెల లేని ప్లేయరులలో మేలైనది ఏదియనగా, నష్టము లేక విడువగలిగినదియే. దానిని తయారుచేసినవారి సొంత చోటునుండియే తెచ్చుకొని, ప్రతి పుటను చదివి సమ్మతి తెలుపు విద్యార్థి మోసపోడు. దీపము మారవచ్చును, దాని వెలుగున చూచు నిధి మాత్రము గృహస్థుని చేతిలోనే యుండవలెను.