ముక్కు దించిన అంబాసిడరు

ముందుభాగము నేలను వాసన చూచుచున్నట్లు వంగి, వెనుకభాగము మాత్రము కమాను కట్టలపై మునుపటి యెత్తుననే నిలిచియున్న పాత అంబాసిడరు నొకదానిని ఇటీవల విజయవాడ ఆటోనగరులో చూచితిని. తాతగారి కారట, యజమాని పాతికేండ్ల యువకుడు. "గుంటలో పడితే స్టీరింగు దానంతటదే పక్కకి లాగేస్తోందండీ" అని అతడు మొరపెట్టుకొనుచుండగా, మేస్త్రీ ముందుచక్రము ప్రక్కన గొంతుకూర్చుండి, టైరు లోపలి అంచున వేలు పెట్టి, "చూడు బాబూ, ఇక్కడ గుండు కొట్టినట్టు అరిగిపోయింది" అనెను. మూడంగుళములు దించినారని అప్పుడు తెలిసినది.

పాతకారును కొంచెము దించి చూచుకొనవలెనను ముచ్చట తప్పని నేననను. మడ్గార్డుకును టైరుకును నడుమ కనబడు ఖాళీ కంటికి వెలితిగనే తోచును. కాని యది యందమునకు విడిచిన ఖాళీ కాదు. చక్రము పైకి లేచుటకు విడిచిన చోటు.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి మన దేశపు రూపమైన ఈ కారు 1950ల చివర పుట్టి 2014 వరకు తయారైనది. దీని ముందుచక్రములకున్న టోర్షన్ బారు పద్ధతినే కార్ల రూపశిల్పి అలెక్ ఇస్సిగోనిస్ 1948 నాటి మోరిస్ మైనరులో వాడెను. ఆ మహానుభావుడు మైనరు నమూనా ఇరుకుగా తోచినందున దానిని నిలువునా రెండుగా కోయించి, ఆ చెక్కలను నాలుగంగుళములు ఎడముగా జరిపించి, వెడల్పు పెంచినాడు. మన కుర్రవాండ్రు కోయునది స్ప్రింగులను! ప్రీమియర్ పద్మిని వంటి కార్ల చుట్టు స్ప్రింగులను గ్యాసుమంటతో కోయుదురు. ఆ వేడికి ఉక్కు పదును చెడును, మిగిలిన ముక్క బిరుసెక్కి తన గూటిలో కుదురుగా కూర్చొనదు.

అంబాసిడరులో కోతతో పనిలేదు. టోర్షన్ బారనబడు పొడవైన ఉక్కు కడ్డీ యొకటి ముందుకొసన చక్రపు క్రిందిచేతికిని, వెనుకకొసన చాసిస్ అడ్డదూలమునకును బిగింపబడి, చక్రము లేచినపుడెల్ల మెలితిరిగి మరల విడివడుచుండును. వెనుకకొసను కొంచెము త్రిప్పి బిగించినచో ముక్కు దిగును. ఒక సాయంకాలపు పని. ఇంత సులభమగుటయే దీనితో వచ్చిన చిక్కు. ఏలయనగా కడ్డీ బిరుసు మునుపటంతయే యుండగా చక్రము లేచుటకు చోటు మాత్రము తగ్గిపోవును. మలుపులో బరువు వెలుపలి చక్రముపై పడగానే క్రిందిచేయి బంప్ రబ్బరును తాకి, ఆ క్షణమున ముందుభాగము బండవలె బిగిసి, మీరు చక్రములను ఎంత త్రిప్పినను బండి తిన్నగా పోవజూచును.

స్టీరింగు లాగుటకు కారణము వేరు. క్రిందిచేయియు, చక్రమును త్రిప్పు టై రాడ్డును ఒకే కాడికి కట్టిన యెద్దులవంటివి. రెండును తమ తమ వలయములలో ఊగుచు, నిర్మాత నిర్ణయించిన యెత్తునకు దాపున మాత్రమే కలిసి నడచును. బండిని మిక్కిలి దించినచో వాని దారులు వేరై, చక్రము లేచినప్పుడెల్ల టై రాడ్డు దానిని ప్రక్కకు త్రిప్పివేయును. ఇంకొక వింత గలదు. దించిన బండి తక్కువగా ఒరుగునని లోకము నమ్మును. కాని బండి రెండంగుళములు దిగినపుడు అది ఒరుగునట్టి కేంద్రబిందువు అంతకంటె ఎక్కువగా దిగిపోవచ్చును గావున, పొట్టిదైన బండియే మునుపటికంటె ఎక్కువ ఒరుగుటయు కలదు. పైగా ముక్కు మాత్రమే దిగినచో కాస్టరు కోణము, అనగా చక్రము త్రిప్పుడుపడు ఇరుసు వెనుకకు వాలిన వాలు, తగ్గి, మలుపు ముగిసిన పిమ్మట స్టీరింగు తనంత తానుగా తిన్ననగు గుణము సన్నగిల్లును.

కావున నా మతమిది. అంగుళము దించుడు, మించవలదు. బండి నిలిచియుండగా క్రిందిచేయి ఇంచుమించు నేలకు సమాంతరముగా నుండవలెను గాని, చక్రమువైపు ఎగజిమ్మియుండరాదు. కడ్డీ బిగువు సడలించి, చక్రమునకు తిన్నని పలకను ఆనించి, జాకీతో అంగుళమంగుళము లేపుచు, పలక కొసలకు నేలపై సుద్దగీతలు గీయుడు. రెండు కొసల గీతలు ప్రక్కకు జరిగిన మేరలలోని తేడాయే గుంటలో మీ స్టీరింగు లాగుటకు గుర్తు. ఆపైన వీల్ అలైన్‌మెంటు తప్పదు. 50 ఏండ్లు దాటి మూలరూపము చెడని బండ్లకే 2021 నిబంధనల క్రింద వింటేజి రిజిస్ట్రేషను లభించునని, కోతలకు వెల్డింగులకు దిగువారు ఒక్కమారు తలచుకొనుట మేలు.

మేస్త్రీ టేపు తీసి, చక్రము నడిబొడ్డు నుండి మడ్గార్డు అంచు వరకు రెండు వైపుల కొలిచెను. అర అంగుళము తేడా వచ్చినది. "దించినాయన ఒక పక్కే శ్రద్ధగా దించాడు" అని నవ్వెను.

"అయితే మొత్తం పైకి లేపేస్తారా?" అని యువకుడు దిగులుగా నడిగెను.

"రెండంగుళాలు లేపుతా బాబూ. ఒకటి నీ ముచ్చటకి ఉంచుతా."