చిన్నదే కదా అనుకుంటే...

మహాపాతకాల పేరు వింటేనే మనిషి చెవులు మూసుకుంటాడు. హత్య, చౌర్యం, ద్రోహం తన గడప తొక్కవని ధీమాగా ఉంటాడు. అయితే దినానికి పదిసార్లు ఆడే చిన్న అబద్ధం, పరుల లోపాలు చెప్పుకొని పొందే సంతోషం, ఇంటివారిపై అకారణంగా విసిరే పరుషవాక్యం ఎవరి పాపాల పద్దులోనూ ఎక్కవు. ప్రమాదమంతా అక్కడే పొంచి ఉంది. పెద్ద దోషాన్ని చూసి మనస్సు ఉలిక్కిపడుతుంది. చిన్నదానికి అలవాటుపడుతుంది.

మనస్సుతో, మాటతో, చేతులతో, కాళ్లతో, ఉదరంతో చేసిన పాపాలు తొలగాలని సంధ్యావందన వేళ ప్రార్థించడం మీరెరిగినదే. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీటికుండ అనే అయిదింటి వద్ద గృహస్థుకు తెలియకుండానే జరిగే హింసకు పరిహారంగా మనుస్మృతి పంచమహాయజ్ఞాలను విధించింది. ఇటువంటి మెలకువనే క్రైస్తవ సాధకులు ఏ విధంగా అభ్యసించారో తెలుసుకోవడం మనకూ శ్రేయోదాయకమే.

కొండమీది ప్రసంగంలో ఏసుక్రీస్తు హత్యతో ఆగలేదు. హత్యకు బీజమైన కోపాన్ని, సోదరుని కించపరిచే మాటను సైతం తీర్పుకు పాత్రమైనవిగా చెప్పాడు. కథోలిక సంప్రదాయం పాపాలను ఘోరమైనవి, స్వల్పమైనవి అని రెండుగా విభజిస్తుంది. స్వల్పపాపం భగవంతునితో బంధాన్ని తెంచదు. కానీ ప్రేమను బలహీనపరచి, పెద్ద పాపానికి దారి చదును చేస్తుందని ఆ సంప్రదాయం బోధిస్తుంది.

ఆ దారి ఎలా చదునవుతుందో పునీత అగస్టీను (354-430) తన ఆత్మకథ 'కన్ఫెషన్స్'లో వివరించాడు. నేటి అల్జీరియా ప్రాంతంలో జన్మించిన ఈ ఆచార్యుడు తన తల్లి మోనికా బాల్యంలో జరిగిన ఉదంతమే అందుకు దృష్టాంతంగా చూపాడు. ఆ ఇంట ఆడపిల్లలను తీర్చిదిద్దిన వృద్ధదాసి భోజనవేళ తప్ప మంచినీళ్లయినా తాగనిచ్చేది కాదు. రేపు గృహిణులై తాళపుచెవులు చేతికి వచ్చాక ఆ దాహమే మద్యంవైపు మళ్లుతుందని ఆమె భయం. అంతటి కాపుదలలోనూ దోషం దూరింది. పీపా నుంచి ద్రాక్షామద్యం తెమ్మని పెద్దలు పంపినప్పుడు మోనికా పెదవి అంచుతో కాస్త రుచి చూసేది. అది తాగాలన్న తృష్ణ కాదు, పసితనపు చాపల్యం. దినదినమూ కొంత కొంత పెరిగి, కడకు ఇంచుమించు నిండు పాత్రలే తాగే స్థితి వచ్చింది. వెంట వెళ్లే పనిపిల్ల ఒకనాడు జగడంలో తాగుబోతువని ఈసడించింది. ఆ మాట ములుకులా గుచ్చుకుంది. మోనికా తన స్థితిని తాను చూసుకొని వెంటనే ఆ అలవాటు మానివేసింది.

ఇందులో మనం గ్రహించవలసినవి రెండున్నాయి. తాగుబోతు కావాలని మోనికా ఏనాడూ సంకల్పించలేదు. ప్రతిదినమూ నిన్నటికంటే కొంచెమే ఎక్కువ, అంతే. రెండవది, ఆమెను మేల్కొలిపినది హితబోధ కాదు. పనిపిల్ల నొప్పించాలనే అన్నది. అయినా అందులోని సత్యాన్ని మోనికా స్వీకరించింది. మన తప్పును పసిబిడ్డ చూపినా, పనివారు చూపినా, పగవారు చూపినా అన్నవారి అర్హతను విచారించడం మాని, అన్నమాటను విచారించుకోవాలి.

ఎవరో ఒకరు చెప్పేదాకా వేచి ఉండటమెందుకు? తనను తానే కనిపెట్టుకొనే పద్ధతిని స్పెయిన్ దేశస్థుడైన ఇగ్నేషియస్ లొయోలా బోధించాడు. ఆయన పూర్వాశ్రమంలో యోధుడు. 1521లో పాంప్లోనా కోటను కాపాడే పోరులో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. ఆ శయ్యపైనే ఆయన జీవితం మలుపు తిరిగింది. 1548లో అచ్చయిన ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఈ పద్ధతి ఉంది. సాధకుడు ఒకేసారి సమస్త దోషాలతో పోరాడరాదు. ఒక్కదానినే ఎంచుకోవాలి. ఉదయం లేవగానే దానిపట్ల జాగరూకత వహిస్తానని సంకల్పించాలి. మధ్యాహ్న భోజనానంతరం, రాత్రి భోజనానంతరం గంటగంటకూ లెక్క చూసుకొని, జరిగిన ప్రతి తప్పుకూ గీతపై ఒక చుక్క పెట్టాలి. నిన్నటి చుక్కలతో నేటివి, గతవారంతో ఈ వారం పోల్చుకోవాలి. తప్పు దొర్లిన క్షణాన ఎదపై చేయి ఉంచి నొచ్చుకోవాలి. నలుగురి మధ్య ఉన్నా ఇతరులకు తెలియకుండా చేయదగిన సాధన ఇది.

అయితే ఈ మెలకువ హద్దు దాటరాదు. మన్రేసాలో తపోజీవనం గడిపిన రోజులలో ఇగ్నేషియస్ ఒప్పుకొన్న పాపాలనే మళ్లీమళ్లీ తవ్వుకొని, ప్రాణం తీసుకోవాలన్నంత వేదనకు లోనయ్యాడు. గతించిన పాపాలను ఇక తిరగదోడనని నిశ్చయించుకున్న తరువాతనే ఆయనకు శాంతి లభించింది. దోషాన్ని గుర్తించడం దిద్దుకోవడానికే గాని, కుంగిపోవడానికి కాదు. క్షమించే దైవం ఉన్నాడన్న విశ్వాసం లేని ఆత్మపరీక్ష ఆత్మహింస అవుతుంది. పరుల చుక్కలను లెక్కించడం మరొక ప్రమాదం. సోదరుని కంటిలోని నలుసుకంటే ముందు తన కంటిలోని దూలాన్ని చూసుకోమని క్రీస్తు హెచ్చరించాడు. పుదీనా, జీలకర్రలలో సైతం పదోవంతు లెక్కగట్టి అర్పిస్తూ న్యాయాన్ని, కరుణను విడిచినవారిని ఆయన మందలించాడు.

మీరు ఏ దైవాన్ని కొలిచినా ఈ రాత్రి దీపం ఆర్పేముందు కొద్ది నిమిషాలు కేటాయించండి. నేడు నొప్పించిన ఒక్క మనిషిని, ఆడిన ఒక్క అబద్ధాన్ని గుర్తుచేసుకోండి. భగవంతుని ముందు ఒప్పుకోండి. క్షమాపణ కోరవలసినవారు ఇంటిలోనే ఉంటే, నిద్రకు ముందే కోరండి. మొలకగా ఉన్నప్పుడు గోటితో పోయే దోషాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకుండుటే వివేకం.