తాళపుచెవి అప్పగింత

మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు మాట నిలిచినది గాని చదువు సన్నగిల్లుచున్నది. 2006 నాటి చట్టముచే బడులలో తమిళము నిర్బంధమైన పిదప తెలుగునకు చోటు మరింత తగ్గినది. నేడు మన బిడ్డలకు తెలుగు అక్షరము తరచుగా కంటబడునది ఫోనులోనే. పలు ఫోనులలో ఒత్తులను, గుణింతములను యథాస్థానమున అమర్చునది హార్ఫ్‌బజ్ అను సాఫ్ట్‌వేరు. ఇది ఓపెన్ సోర్సు. అనగా దీని మూలము ఎల్లరకును బహిరంగము.

ఇట్టివానికి సవరణ నెవరైనను పంపవచ్చును. దానిని మూలమున చేర్చు అధికారము మాత్రము కమిటర్లు అనబడు కొందరిదే. అంగడిలో చీటీ ఎవరైనను వ్రాయవచ్చును. పేరేటిలో పద్దు వేయువాడు వేరు. ఆ కలమును ఎవరి కీయవలెను, ఎప్పుడు మరల పుచ్చుకొనవలెను?

2005 ఏప్రిల్‌లో గిట్‌ను ఆరంభించిన లినస్ టోర్వాల్డ్స్, జూలైలోనే దానిని జూనియో హమానో కప్పగించెను. పని చెడలేదు, పెరిగినది. 2018లో పైథాన్ స్థాపకుడు గైడో వాన్ రోసమ్ పెద్దరికము నుండి తప్పుకొనగా, 2019లో కమిటర్లు ఐదుగురి మండలిని ఎన్నుకొనిరి.

ఎక్స్‌జెడ్ యుటిల్స్ కథ వేరు. ఏండ్ల తరబడి దాని భారము ఒక్కనిపైననే పడినది. అతడలసియున్న వేళ జియా టాన్ అను పేరుతో నొకరు వచ్చి, ఓపికతో పనిచేసి, నమ్మకము గడించి అధికారము పొందెను. 2024లో వెలువడిన 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగదారి చేరినది. కంప్యూటరులో ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుట గమనించి కారణము వెదకిన ఆండ్రెస్ ఫ్రాయిండ్, మార్చి 29న దానిని బయటపెట్టెను.

క్రొత్తవారిని నమ్మరాదనుట దీని నీతి కాదు. ఒంటరివానికి తోడు లేకుండుటయే అసలు లోపము. కావున అధికార మిచ్చుటకు ముందు పని చూడవలెను; ఇద్దరు పూచీ పడవలెను; ఒకరు చేర్చినదానిని వేరొకరు సరిచూడవలెను. పని మానినవారి పేరును గౌరవముతో నిలిపి, తాళపుచెవిని మాత్రము తిరిగి పుచ్చుకొనవలెను. మరల రాదలచినచో ద్వారము తెరచియుండవలెను. ఈ నియమములు అవసరము రాకముందే వ్రాసికొనదగినవి.

పుచ్చుకొనుట అవమానము కాదు. మన సంఘములలో మొగమాటముచే, ఊరు విడిచిన పెద్దల సంతకమే బ్యాంకులో మిగిలిపోవుట ఎరుగనిదా? పెద్దరికము జీవితాంతము చెల్లును. తాళపుచెవి పని చేయునంతవరకే.

మన యువకులలో సాఫ్ట్‌వేరు వృత్తి వారు పలువురు కలరు. తెలుగు లిపికి సంబంధించిన ఇట్టి పనులలో నేడే చేరి, చిన్న దోషములను దిద్దుచు నమ్మకము గడింపుడు. అలసిన చేతులు తాళపుచెవిని చాచునాడు అందుకొనుటకు మనవారును అచ్చటనే యుండవలెను.