ఫోన్ తెలివి ఇన్వర్టర్ దగ్గర చెల్లదు

ఫోన్‌కి ఎనభై శాతం దగ్గర చార్జింగ్ ఆపేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందని మనందరికీ తెలుసు. ఆ తెలివంతా నేను ఇంట్లో ఇన్వర్టర్ మీద చూపించాను.

కిందటి నవంబరులో ఒకరోజు మూడు గంటలు కరెంటు పోయి వచ్చింది. ‘చలికాలం ఇక కోతలుండవు, ఊరికే చార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ పాడైపోతుంది’ అనుకుని అప్పుడే ఇన్వర్టర్ ఆపేసి ప్లగ్ పీకేశాను. మార్చిలో మొదటి కోత. ఫ్యాన్ పది నిమిషాలు తిరిగి ఆగిపోయింది. నాన్న ఒక్క మాటా అనలేదు. విసనకర్ర తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఫోన్‌లో ఉండేది లిథియం బ్యాటరీ. మా ఇన్వర్టర్‌ది లెడ్ యాసిడ్. దీనికి నిండుగా ఉండటమే ఆరోగ్యం. వాడిన ప్రతిసారీ సీసం ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే పోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలైపోతుంది. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా వదలదు. నేను చేసిన ఘనకార్యం అదే.

వాడకానికీ లెక్కుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లుంటాయి. సగం దాకానే వాడుకుంటే ఎక్కువ ఏళ్లు వస్తుంది. రెండు మామూలు ఫ్యాన్లు, రెండు లైట్లు, వైఫై కలిపి 180 వాట్లనుకుంటే, ఇన్వర్టర్ తినేది పోగా సుమారు నాలుగు గంటలు. ఫుల్ చార్జ్ అయ్యాక కొన్ని గంటలు వాడకుండా ఉంచి మల్టీమీటర్ పెడితే 12.6, 12.7 వోల్టులు చూపించాలి. 12.2 అంటే దాదాపు సగమైనట్టే.

ఇక నీళ్లు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఆర్వో నీళ్లలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. తగ్గేది నీళ్లే కాబట్టి యాసిడ్ పోయొద్దు. చార్జింగ్ అయ్యాక, గుర్తు దాటకుండా పోయాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట ఉంచాలి, దగ్గర్లో దీపం, అగరుబత్తి పెట్టకూడదు. మా ఇంట్లో అది ఇన్నాళ్లూ దేవుడి గూటి పక్కనే ఉండేది!

కొత్త బ్యాటరీ వచ్చింది. నీళ్లు చూడాల్సిన తేదీలకు నాన్న క్యాలెండర్‌లో సున్నాలు చుట్టారు. ప్లగ్ మీద మాత్రం తెల్ల టేపు అంటించి, నా పేరు రాసి, పక్కన ‘వద్దు’ అని పెట్టారు.