గురక పెట్టే కోడికి పరీక్ష ఏదీ?

రాజోలు, కొత్తపేట, అమలాపురం ప్రాంతాల్లో కూలి ఇంటి పెరట్లో నాలుగు కోళ్ళుంటే అదే ఆ ఇంటి చేతి కింద డబ్బు. పనుల్లేని రోజుల్లో మందులకైనా, పిల్లల పుస్తకాలకైనా ఆడకూతురు ఆ కోడినే అమ్ముకుంటుంది. అది ముక్కు కారి, మొహం వాచి, గుర్రుమంటూ మూల కూర్చుంటే ఊరంతా ఒకటే మాట: తెగులొచ్చింది. ఏం తెగులు? అదెవరూ చెప్పరు.

అసలు సంగతి అక్కడే ఉంది. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్ ఏదీ పనిచెయ్యదు, ముందుగా టీకా వెయ్యాల్సిందే. మొహం వాచే కొరైజా బాక్టీరియా జబ్బు. వారాల తరబడి గురక పెట్టించే సి.ఆర్.డి.కి మూలం మైకోప్లాస్మా. ఆ క్రిమికి కణం చుట్టూ గోడే ఉండదు, గోడను దెబ్బతీసే పెన్సిలిన్ దాన్నేం చేస్తుంది? బయటికి మాత్రం అన్నీ ఒకటే గురక. తేడా తేల్చేది లేబరేటరీయే.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. మైకోప్లాస్మాకి కోడి సీరం చుక్కనీ, రంగు కలిపిన యాంటిజెన్ చుక్కనీ పలక మీద కలిపితే రెండు నిమిషాల్లో గడ్డకట్టేదీ లేనిదీ తెలుస్తుంది. మందలో జబ్బు ఉందా అని జల్లెడ పట్టడానికి అది చాలు. కొరైజాకైతే, మందు వెయ్యకముందే ముక్కులోంచి నమూనా తీసి, ఐసులో పెట్టి వెంటనే చేర్చాలి. కోడి ఒంటి బయట ఆ క్రిమి ఎక్కువసేపు బతకదు. మన పల్లెల్లో జరిగేది తలకిందులు: ముందు దుకాణం పొడి, తర్వాత సూది, చచ్చాక కాలవ. ఇంక పరీక్ష దేనికి?

2025 ఫిబ్రవరిలో కానూరు అగ్రహారం, వేల్పూరు ఫారాల్లో కోళ్ళు చస్తే నమూనాలు భోపాల్ వెళ్ళాయి. బర్డ్‌ఫ్లూ అని తేలింది, యంత్రాంగం కదిలింది. కదలవలసిందే, మనుషులకీ ప్రమాదం గనుక. మరి రాజోలు లంకల నుంచి గన్నవరం పశువైద్య కళాశాల అంతకంటే దూరమా? బర్డ్‌ఫ్లూ అని ప్రభుత్వం చంపించిన కోళ్ళకి పరిహారముంది. కొరైజాతో చచ్చిన కూలామె కోడికి కాగితం ముక్క కూడా లేదు.

పైగా కొందరు ఆసాములు తెగులు పెరటి కోళ్ళ నుంచే వస్తుందంటారు. రుజువేదీ? చచ్చిన కోళ్ళు ఏరే షెడ్డు కూలీ మీదా, అతని ఇంటి కోడి మీదా ముందు అనుమానం. (సంక్రాంతి పుంజుకి బాదంపప్పు పెట్టేవాళ్ళని మాత్రం ఎవరూ అడగరు.)

మనుషులకి ఆఖరి మందుగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ని కోళ్ళకీ పశువులకీ వాడరాదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. మంచిదే. ఏ జబ్బో చెప్పకుండా ఏ మందు వద్దో చెబితే చాలా?

రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకుల చేతికి స్వాబులు, ఐసుపెట్టెలు ఇవ్వాలి. ప్లేటు పరీక్ష అమలాపురంలోనే చెయ్యాలి, కూలీల దగ్గర రుసుము తీసుకోకూడదు. ఏ మందు పనిచేస్తుందో తెలుగులో రాసిన ఫలితం కోడి బతికుండగా ఇంటికి చేరాలి. ముసురు పట్టకముందే ఈ అర్జీలు ప్రతి ఊరినుంచీ వెళ్ళాలని మా సంఘం కార్యకర్తల్ని కోరుతున్నాం.