రిమోట్ డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్‌కి వదిలేయకండి

ఇంట్లో ల్యాప్‌టాప్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆఫీస్ పీసీకి కనెక్ట్ అయ్యాం. ప్రింట్ కొడితే పేపర్ మన పక్కనున్న ప్రింటర్‌లో కాకుండా ఆఫీస్‌లో ఎక్కడో వస్తుంది. అది పే స్లిప్ అయితే? అటుగా వెళ్లేవాళ్లంతా చదివేస్తారు. అందుకే దీన్ని చిన్న చికాకుగా కాదు, ప్రైవసీ సమస్యగా చూడాలంటాను.

చాలామంది వెంటనే డ్రైవర్ మీద పడతారు. ముందు అనుమానించాల్సింది సెట్టింగ్‌ని. 2015 నవంబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1511 నుంచి 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' అనే ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో ఉంటే చివరిగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోతుంది. పైగా సెషన్‌లో మన ప్రింటర్ పేరు పక్కన 'రీడైరెక్టెడ్' అని, సెషన్ నంబర్‌తో కనిపిస్తుంది. నంబర్ మారితే పేరు మారినట్టే. నిన్న పెట్టిన డిఫాల్ట్ ఇవాళ ఉండకపోవచ్చు.

కాబట్టి కనెక్ట్ అయ్యే ముందు లోకల్ రిసోర్సెస్‌లో ప్రింటర్స్ టిక్ ఉందో లేదో చూడండి. ఆ ఆప్షన్‌ని రెండు మెషీన్లలోనూ ఆఫ్ చేసి, ల్యాప్‌టాప్‌లో మీ ప్రింటర్‌ని డిఫాల్ట్‌గా పెట్టండి. సైన్ అవుట్ అయి మళ్లీ కనెక్ట్ అవ్వండి. అయినా దారికి రాకపోతే, గ్రూప్ పాలసీలో 'డు నాట్ సెట్ డిఫాల్ట్ క్లయింట్ ప్రింటర్ టు బి డిఫాల్ట్ ప్రింటర్ ఇన్ ఎ సెషన్' ఎనేబుల్ అయి ఉందేమో చూడమని అడ్మిన్‌కి చెప్పండి. ఉంటే ఇక్కడ మనం ఎన్ని తిప్పలు పడ్డా లాభం లేదు.

ఒకే పీసీ, ఒకే ప్రింటర్ ఉన్నచోట ఈ ఆటోమేటిక్ తెలివి ఓకే. రిమోట్ సెషన్‌లో మాత్రం అది మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉండాలి. పేపర్ ఎక్కడ పడాలో చెప్పాల్సింది మనమే.